కోపిష్టి పెట్టెకు కొత్త రాణి: ఎనిమిది నెలల నా అనుభవం

మా మిద్దె మీదున్న రెండు తేనె పెట్టెల్లో ఒకదాన్ని మందు కొట్టించి చంపేయమని పోయినేడు జూలైలో ముగ్గురు చెప్పారు. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మేముండేది బెంగళూరులో విద్యారణ్యపుర. రెండో అంతస్తులో అద్దెకుండే కర్నూలు వాళ్ల పిల్లాడు, ఆరేళ్లవాడు, ఆరేసిన బట్టలు తీయడానికి వాళ్లమ్మ వస్తుంటే వెనకే మిద్దెక్కాడు. పెట్టెకు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాడు, దాన్ని ముట్టుకోలేదు, రాయి వేయలేదు. నాలుగు చోట్ల కుట్టాయి. ఒకటి కనురెప్ప మీద.

ముళ్లు వెంటనే గీకి తీసేసి ఆసుపత్రికి పరిగెత్తాం. ఊపిరి ఆడకపోవడం, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు, అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి. వాడికి అవేమీ రాలేదు, గంటసేపు చూసి పంపించారు. ఆ రాత్రి వాళ్లమ్మ మా గుమ్మం దగ్గరికొచ్చి, "నీ మీద కోపం లేదక్కా, కానీ వాడికేమన్నా అయ్యుంటే?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మరి చంపించేయొచ్చు కదా అంటే, చేతులు రాలేదు. నావి అపార్ట్‌మెంట్ల గోడలకు పెద్ద పెద్ద పట్లు పెట్టే హెజ్జేను కాదు. ఇక్కడి వాళ్లు తుడువె జేను అంటారు, చెట్టు తొర్రల్లో, పుట్టల్లో గూడు కట్టుకునే మన దేశీ ఈగలు, ఎపిస్ సెరానా. సాధారణంగా సాధువులు. జీకేవీకేలో, అంటే ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో, శిక్షణ తీసుకున్నాక మూడేళ్లుగా న్యూటన్ పెట్టెల్లో పెంచుతున్నాను, ఒక్కోదాంట్లో ఈగలు పట్టు కట్టుకునే చెక్క చట్రాలు, ఫ్రేములు, ఏడుంటాయి. నాకు పని నేర్పిన పెద్దాయన ఒకరున్నారు, చింతామణి దగ్గర పల్లెటూరు, తాతా అని పిలుస్తాను. 1991-92లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు దక్షిణాదిలో ఈ ఈగల్ని ఊడ్చేసినప్పుడు ఆయనకున్న నలభై పెట్టెల్లో రెండే మిగిలాయట. ఫోన్ చేసి విషయం చెప్పగానే ఆయనన్న మొదటి మాట: "బతికున్న పెట్టెను చంపొద్దు పాపా. రాణిని మారుద్దాం. కానీ ముందు అది ఎందుకట్లుందో చూడు."

ఈ రెండో మాట చాలా ముఖ్యం. కుట్టే పెట్టె కనపడగానే జాతి చెడ్డది అనేస్తాం, నేనూ అదే అనుకున్నాను. పెట్టెకు కోపం రావడానికి వేరే కారణాలు బోలెడుంటాయి. రాణి లేకపోయినా కుడతాయి, చీమలో కందిరీగలో వేధిస్తున్నా కుడతాయి, మబ్బు పట్టిన రోజు తెరిచినా కుడతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మా దగ్గర వానలకు పూలు తగ్గిపోతాయి, లోపల తేనె అడుగంటుతుంది, పక్క పెట్టెలవి దోచుకోవడానికి వస్తాయి, దాంతో కాపలా ఈగలు కనపడిన ప్రతిదాని మీదా పడతాయి. పైగా పక్క సైట్లో ఇల్లు కడుతున్నారు, పొద్దున తొమ్మిది నుంచి డ్రిల్లింగ్, ఆ అదురు మా పిట్టగోడ దాకా తెలిసేది. ఇక నా చేతి తొడుగులు. తాత వచ్చినప్పుడు వాటిని ముక్కు దగ్గర పెట్టుకుని నాకిచ్చారు. మాగిన అరటిపండు వాసన! తేనెటీగ కుట్టినప్పుడు ముల్లు దగ్గర్నుంచి వచ్చే వాసన అదే, మిగతావాటికి 'ఇక్కడే కుట్టండి' అని చెప్పే వాసన. ఎన్ని నెలల ముళ్లు అందులో ఉన్నాయో, ఉతక్కుండా అవే వేసుకుని రెండు పెట్టెలూ తెరిచేదాన్ని.

తొడుగులు ఉతికాను. సాయంత్రాలు, చీకటి పడే ముందు, సమానంగా చక్కెర నీళ్లు కలిపిన పాకం లోపల పెట్టాను (పగలు పెడితే దోపిడీ ఇంకా ఎక్కువవుతుంది). స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు, గుమ్మం ఒక వేలు పట్టేంత చిన్నది చేయడం, ఇవన్నీ అయ్యాయి. మూడు వారాల తర్వాత తాత చెప్పిన పరీక్ష చేశాను. ఒక కర్రకు అరచేతంత నల్ల బట్ట కట్టి గుమ్మం ముందు ఒక నిమిషం ఊపి, దూరంగా తీసుకెళ్లి దాంట్లో దిగిన ముళ్లు లెక్కపెట్టాలి. ఒకటో పెట్టెకు ఒక్కటి కూడా లేదు. రెండోదానికి పంతొమ్మిది. అదే మిద్దె, అదే పాకం, అదే డ్రిల్లింగ్. మెట్ల తలుపు వేసుకున్నాక కూడా అద్దానికి టపటపా కొట్టుకున్నాయి. అప్పుడు నమ్మాను, ఇది రాణి నుంచి వచ్చిన గుణమేనని. పెట్టెలో ఉన్న వేల ఈగలూ ఒకే తల్లి బిడ్డలు, తండ్రులు మాత్రం చాలామంది.

ఆ రాత్రే గుమ్మానికి జాలీ కొట్టి, పెట్టె అటూ ఇటూ కదలకుండా తాళ్లు బిగించి, హొసకోట దాటాక ఉన్న మా చిన్నాన్న వాళ్ల జామతోటకు తీసుకెళ్లిపోయాం. దగ్గర్లోకి జరిపితే మేతకెళ్లిన ఈగలు పాత చోటికే తిరిగి వచ్చేస్తాయి, అందుకే అంత దూరం. తోటలో అయితే ఎవరూ అటు పోరు.

రాణిని వెంటనే మార్చలేదా అని అందరూ అడుగుతారు. కుదరదు. కొత్త రాణి పుట్టాక బయటికెళ్లి గాల్లోనే పది, పదిహేను పోతుటీగలతో జతకట్టి రావాలి. వానాకాలంలో, ఆకలి రోజుల్లో పోతుటీగలు దాదాపు ఉండవు, ఉన్నవాటిని కూడా కూలి ఈగలు తరిమేస్తాయి. కాబట్టి ఆగస్టు నుంచి డిసెంబరు దాకా నేను చేసిందల్లా పాకం పెట్టడం, ఎదురుచూడడం. జనవరి మొదటి వారంలో ఒకటో పెట్టె తెరిస్తే ఒక పట్టు అంచున ఉబ్బెత్తు మూతలు కనిపించాయి, ప్రతి మూత మధ్యలో సూదితో గుచ్చినట్టు ఒక చిల్లు. మన దేశీ ఈగల్లో పోతుటీగల గదులకే ఆ చిల్లు ఉంటుంది. ఆ రోజు ఇంట్లో అందరికీ పిలిచి చూపించాను. కోపిష్టి పెట్టెను దూరం పంపడం వల్ల ఇంకో మేలు కూడా జరిగింది, దాని పోతుటీగలు ఇక్కడి గాల్లో లేవు. తల్లి ఒక్కటే మంచిదైతే చాలదు కదా. ఇక కొత్త రాణికి ఒకటో పెట్టె సొంత పోతుటీగలే, అంటే అన్నదమ్ములే, దిక్కయ్యే భయం కూడా లేదు, జీకేవీకే వైపు చెట్ల తొర్రల్లో గూళ్లు చాలానే ఉన్నాయి.

సాధువైన ఒకటో పెట్టె పిల్లల్లోంచే కొత్త రాణిని పెంచాలి. మొదటిసారి మైనపు కప్పుల్లోకి పిల్ల పురుగుల్ని ఎక్కించే పద్ధతి చేశాను. సన్న బ్రష్షు కొనతో ఒక్కొక్కదాన్ని దాని కింద ఉన్న పాలతో (ఈగలు పెట్టే తెల్లటి మేత) సహా ఎత్తి కప్పులో దించాలి. పన్నెండు కప్పులు. మర్నాడు చూస్తే పదకొండు ఖాళీ. ఆ పురుగుల్లో సగం వయసు మించినవి, మిగతా సగం మిద్దె గాలికి ఆరిపోయాయి. మిగిలిన ఆ ఒక్కటీ నిలవలేదు. ఈ పద్ధతి చెయ్యి తిరిగినవాళ్లకే, మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పను.

రెండోది సులువు. జనవరి 10న ఒకటో పెట్టె మధ్యలో ఖాళీ పట్టు ఒకటి పెట్టాను, రాణి గుడ్లు పెట్టడానికి. గుడ్డు మూడు రోజులకు పగులుతుంది, కాబట్టి పని 14న, సరిగ్గా సంక్రాంతి నాడు పడింది. ఇంట్లోవాళ్లు మదనపల్లె వెళ్లారు, నేను ఉండిపోయాను. పట్టును వెలుగుకు అడ్డంగా పట్టుకుంటే గది అడుగున తెల్లటి చుక్క, దారప్పోగు వంగినట్టు, పాల మీద తేలుతూ ఉంది. కళ్లద్దాలు పెట్టుకున్నా రెండుసార్లు చూస్తే గానీ కనపడలేదు. ఆ వరుస దగ్గర పట్టు కింది అంచును వేడి కత్తితో కోశాను, గదులు కిందికి సాగడానికి చోటు ఉండేలా. పాత రాణిని రెండు ఫ్రేములతో చిన్న పెట్టెలోకి మార్చాను. మిగతావాటికి రాణి లేదు, పిల్లలేమో ఉన్నాయి. ఏ ఆడ గుడ్డయినా కూలి ఈగ కావచ్చు, రాణీ కావచ్చు, తేడా అంతా తిండిలోనే. సాయంత్రానికి పెట్టెలోంచి ఒక రకమైన మూలుగు లాంటి రొద వచ్చింది, రాణి లేదని తెలిసిన రొద.

19వ తేదీకి తొమ్మిది రాణి గదులు మూతలు పడ్డాయి, వేరుశనక్కాయల్లా కిందికి వేలాడుతూ. 24న వాటి కొనల మీద మైనాన్ని ఈగలే గీకేసి గోధుమ రంగు తేలింది, అంటే లోపల రాణి సిద్ధం. గది చుట్టూ మైనం ఎక్కువ ఉండేలా కోసి, తలకిందులు చేయకుండా, కుదుపు తగలకుండా దించుకోవాలి, ఈ దశలో చిన్న దెబ్బకు కూడా రెక్కలు పాడవుతాయి. రెండు చిన్న పెట్టెలు చేసి చెరొకటి పెట్టాను. రెండు గదులు తాత నూలు గుడ్డలో చుట్టుకుని చొక్కా జేబులో, ఒంటి వేడికి తగిలేలా పెట్టుకుని బస్సెక్కారు. మిగతావి తీసేసి పాత రాణిని దాని ఇంటికి చేర్చాను.

రెండు పెట్టెల్లోనూ రాణులు పుట్టాయి, గది కొన గుండ్రంగా, డబ్బా మూత తీసినట్టు తెరుచుకుని ఉంది. తర్వాత రెండు వారాలు పెట్టెలు ముట్టుకోకూడదు. మధ్యాహ్నాలు దూరంగా కూర్చుని చూసేదాన్ని. గాల్లోనే ఈగల్ని పట్టి తినే పచ్చ పిట్టలు వైర్ల మీద వాలితే ప్రాణం కొట్టుకునేది. ఫిబ్రవరి 9న తెరిచాను. ఒకదాంట్లో రాణి లేదు. వెళ్లింది, తిరిగి రాలేదు. రెండోదాంట్లో ప్రతి గది అడుగునా ఒక్కొక్క గుడ్డు, నిలువుగా.

ఉన్నది ఒక్క రాణి. టెన్షన్ అంతా అక్కడే.

ఫిబ్రవరి 16న తోటకు వెళ్లాం. కోపిష్టి పెట్టెలో రాణిని వెతకడం మామూలుగా అయితే అయ్యే పని కాదు, తాత ఉపాయం చూడండి. పొద్దున పదికి పెట్టెను ఎత్తి ముప్పై అడుగుల అవతల జామచెట్టు కింద పెట్టి, పాత చోట గుడ్లున్న ఫ్రేమ్ ఒకటి వేసిన ఖాళీ పెట్టె ఉంచారు. మేతకెళ్లే ముసలి ఈగలే కుట్టడంలో ముందుంటాయి, అవన్నీ బయటికెళ్లి అలవాటు ప్రకారం పాత చోటికే తిరిగొస్తాయి. రెండు గంటలకు అసలు పెట్టెలో మిగిలినవి చాలావరకు లేత ఈగలు. చల్లటి పొగ కొంచెం పెట్టి తెరిస్తే అవి అసలు పైకి లేవలేదు. ఐదో ఫ్రేమ్ మీద రాణి కనిపించింది, నల్లగా, పొడుగ్గా, ఈగల కిందికి దూరిపోతూ. "అదే పాపా, పట్టుకో" అన్నారు తాత. రెండు వేళ్లతో రెక్కలు పట్టుకుని స్పిరిట్ సీసాలో వేశాను. పిల్లాడి వాచిన కన్ను గుర్తు చేసుకుని వేశాను, అయినా చెయ్యి వణికింది. అది చేసిన తప్పేమీ లేదు.

కొత్త రాణిని జాలీ డబ్బాలో ఉంచి పిల్లలున్న రెండు ఫ్రేముల మధ్య వేలాడదీశాం, గుమ్మాన్ని తేనె, చక్కెర పొడి కలిపిన ముద్దతో మూసి, దాని మీద టేపు వేశాం. అందరూ తొందరపడేది ఇక్కడే. నాలుగు రోజులు ఆగాలి. మొదటి రోజు ఈగలు జాలీని కరిచి పట్టుకుని ఉన్నాయి, వేలితో తోస్తే కదల్లేదు. నాలుగో రోజు వేలితో తాకితే విడిపోయి నడిచాయి, రెండు మూడు నాలుకలు చాచి లోపల రాణికి తినిపిస్తున్నాయి. అప్పుడు టేపు తీశాం. అవి సొంతంగా కట్టుకుంటున్న ఆరు రాణి గదుల్ని వెతికి వెతికి తీసేశాం, ఒక్కటి మిగిలినా పడ్డ శ్రమంతా వృథా. పది రోజులకు కొత్త రాణి గుడ్లు చూసుకున్నాక, పాత చోట ఉన్న ముసలి ఈగల పెట్టెలోనూ అలాగే రాణి గదులు తీసేసి, మధ్యలో న్యూస్‌పేపర్ వేసి మళ్లీ కలిపేశాం. కాగితం కొరుక్కుని కలిసేలోపు వాసనలు కలిసిపోతాయి.

మార్చి మొదటి వారంలో నల్ల బట్ట పరీక్షలో పదహారు ముళ్లు. నాకు ఏడుపొచ్చింది. తాత విసుక్కున్నారు, "ఇప్పుడు కుట్టేవి పాత రాణి బిడ్డలే. వాటి ఆయుష్షు తీరనీ." గుడ్డు ఈగ కావడానికి దాదాపు మూడు వారాలు, పాతవి ఆరు వారాలు బతుకుతాయి. లెక్క తెలిసినా ఓర్చుకోవడం కష్టంగానే ఉంటుంది. ఉగాదికి ఐదు. ఏప్రిల్ రెండో వారానికి ఒక్కటి. ఆ రోజు చేతి తొడుగులు లేకుండా తెరిచాను, ముసుగు మాత్రం తీయలేదు.

ఆ పెట్టెను మిద్దె మీదికి తీసుకురాలేదు. అక్కడే తోటలో ఉంటుంది. మిద్దె మీదున్న ఒకటో పెట్టెకు కూడా ముందు ఆరడుగుల ఎత్తు పచ్చ నెట్ కట్టాను, ఈగలు బయటికొస్తూనే పైకి లేచిపోతాయి, మనుషుల ఎత్తులో తిరగవు. బట్టల తాడు అవతలి మూలకు మార్చాం. పెట్టె తెరిచే రోజు కింది వాళ్లందరికీ ముందే చెప్తున్నాను. ఇవి మొదటి రోజే చేయాల్సినవి.

తాత జేబులో పెట్టుకెళ్లిన రెండు గదుల్లో ఒకటి నిలిచిందట, ఆ రాణి ఇప్పుడు నాలుగు ఫ్రేములు నింపింది. దాని పోతుటీగల గదుల్లో చిల్లులు కనపడగానే ఫోన్ చేయమన్నాను.