గచ్చిబౌలి స్టేడియం గురించి ఓ నాలుగు ముక్కలు
2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చినయ్ అనంగనే మా గ్రూపులో ఒకటే లొల్లి, అంత ఖర్చు దేనికి అని. నాకైతే 2003 యాదికొచ్చింది. ఆఫ్రో ఏషియన్ గేమ్స్ మన హైదరాబాద్‌లోనే అయినయ్ కదా, 16 ఏళ్ల సానియా మీర్జా 4 గోల్డ్‌లు కొట్టింది అప్పుడే. మా బాబాయ్‌కి అప్పుడు కిరాయికి తిప్పే ఒక పాత సుమో ఉండేది, పెళ్లిళ్ల సీజన్ లేకపోతే ఇంటి ముందే దుమ్ము పట్టి పడుండేది, ఆ గేమ్స్ టైంలో మాత్రం తెల్లారకముందే పోయి రాత్రి ఎప్పుడో వచ్చేటోడు, వచ్చినంక పిన్ని ముందు నోట్లు లెక్కపెట్టుడు. ఆ పైసలతోనే కొత్త టైర్లేసిండు. అంతే, గేమ్స్ అయిపోగానే మళ్లా మామూలే, అది కూడా చెప్పాలె.

గేమ్స్ వల్లే గచ్చిబౌలి పెరిగింది అంటే నేను ఒప్పుకోను, పక్కనే హైటెక్ సిటీల ఐటీ కంపెనీల బిల్డింగ్ సైబర్ టవర్స్ 1998లోనే వచ్చింది, అసలు లాభం ముందే ప్లాట్లు కొన్నోళ్లకే. కానీ ఆ గేమ్స్‌కి వాడిన గచ్చిబౌలి స్టేడియం మిగిలింది కదా! 2009లో బ్యాడ్మింటన్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ అక్కడి ఇండోర్‌లోనే పెట్టిర్రు, 2020 కరోనాలో ఆడున్న స్పోర్ట్స్ టవర్‌నే టిమ్స్ హాస్పిటల్ చేసిర్రు. ఇది ఏ బడ్జెట్ లెక్కల రాస్తరో మరి 😄

2003లో ఓపెనింగ్ సెర్మనీకి పోయినోళ్లు ఎవరన్నా ఉంటే ఫొటోలు పెట్టుర్రి, మా దగ్గర ఒక్కటి కూడా లేదు.