త్యాగరాజస్వామి కథను టీవీకి తీసుకురావాలంటే

పాశ్చాత్య సంగీతకర్త బీథోవెన్ జీవితంపై తీసిన ఒక డ్రామా డాక్యుమెంటరీని ఈమధ్య విజయవాడలో మా ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాము. వినికిడి సన్నగిల్లుతున్న రోజుల్లో, 1802లో ఆయన తన తమ్ముళ్లకు రాసి పంపకుండానే దాచుకున్న ఉత్తరాన్ని నటుడు చదువుతుంటే, అవి బీథోవెన్ స్వయంగా రాసుకున్న మాటలేనన్న ఎరుక వల్ల నా మనసు ఎంతో చలించింది. చెవుడు ముదిరిన తర్వాత ఆయనతో మాట్లాడవచ్చినవారు తమ మాటలు రాసి చూపిన పుస్తకాలు కూడా ఎన్నో మిగిలాయి కాబట్టి, ఆ దర్శకుడికి ఆధారాల కొరత లేదు.

బీథోవెన్ కన్నా మూడేళ్ల ముందు, 1767లో పుట్టిన మన త్యాగరాజస్వామిపై అటువంటి చిత్రం రావాలని నా గాఢమైన కోరిక. అయితే ఇక్కడ దారి వేరు. మనకు దక్కినవి ఆయన కీర్తనలు, వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ వంటి శిష్యులు భద్రపరచిన రాతప్రతులు, ఆపైన తరతరాలుగా చెప్పుకుంటున్న కథలు. తంజావూరు రాజు కానుకలను కాదన్నప్పుడే కల్యాణి రాగంలో "నిధి చాల సుఖమా" పుట్టిందని పెద్దలు చెబుతారు. ఆ కీర్తనలో ధనం కన్నా రాముని సన్నిధి సేవ మిన్న అన్న భావమూ, నరస్తుతి పట్ల విముఖతా స్పష్టంగా ఉన్నాయి గాని రాజు ప్రస్తావన ఎక్కడా లేదు. ఈ కథల మీద నాకు భక్తి ఉంది. అయినా డాక్యుమెంటరీ అన్నాక, కీర్తనలో ఉన్నదేది, శిష్యులు రాసినదేది, సంప్రదాయంగా వినవస్తున్నదేది అన్నది ప్రేక్షకుడికి విడమరచి చెప్పితీరాలి.

మహిమల ఘట్టాలకన్నా శిష్యపరంపరకు ఎక్కువ సమయం కేటాయించాలని కూడా కోరుకుంటాను. మానాంబుచావడి వేంకటసుబ్బయ్య స్వామివారి శిష్యులు. ఆయన దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి దగ్గర పారుపల్లి రామకృష్ణయ్య పంతులు, పంతులుగారి దగ్గర మంగళంపల్లి బాలమురళీకృష్ణ నేర్చుకున్నారు. కావేరి ఒడ్డున మొదలైన ఆ పాఠం ఇలా కృష్ణ ఒడ్డున మా బెజవాడకు చేరింది; బాలమురళిగారు ఇక్కడి ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేశారు. పల్లవిలోని ఒకే పంక్తిని సంగతి వెంట సంగతిగా, అంటే పాడిన ప్రతిసారీ స్వరాల్లో కొత్త మార్పుతో, విస్తరించే స్వామివారి రచనా పద్ధతి సామాన్య ప్రేక్షకుడికి అర్థం కావాలంటే, గురువు పాడగా శిష్యుడు అందుకునే ఒక పాఠాన్ని, మధ్యలో వ్యాఖ్యానం జొప్పించకుండా, మొదటి సంగతి నుంచి చివరి సంగతి వరకు పూర్తిగా చూపించాలి.