నాలుగు మెషిన్లు, ఒకే ఐపీ అడ్రస్: కేవీఎంతో నా అనుభవం

మా కళాశాల ల్యాబ్‌లో నెట్‌వర్కింగ్ పాఠాలకు నాలుగు వర్చువల్ మెషిన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) కావలసి వచ్చి, గత వారం ఉబుంటు 22.04 ఉన్న ఒక డెస్క్‌టాప్‌లో వాటిని నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ కేవీఎం, దానిని నిర్వహించే లిబ్‌వర్ట్, ఆ పనికి తెర మీద కిటికీలిచ్చే వర్ట్-మేనేజర్ పెట్టుకున్నాను. బయోస్‌లో వీటీ-ఎక్స్ (వర్చువల్ మెషిన్లకు ప్రాసెసర్ ఇచ్చే తోడ్పాటు) ఆన్ చేయడం ఐదు నిమిషాల పని. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉన్న ఐఎస్ఓ ఫైలును (ఉబుంటు ఇన్‌స్టాలేషన్ ఫైలు) తెరిచే అనుమతి లేదని వచ్చింది కానీ, దానిని లిబ్‌వర్ట్ వారి ఇమేజెస్ ఫోల్డర్‌లోకి మార్చగానే ఆ చిక్కు తీరిపోయింది.

మొదటి మెషిన్‌లో ఉబుంటు సర్వర్ ఎక్కించి, మెషిన్‌కు నకలు తీసే వర్ట్-క్లోన్ కమాండ్‌తో మూడు నకళ్లు తీశాను. అసలు కష్టం అక్కడే మొదలైంది. మరుసటి రోజు అరవై మంది విద్యార్థుల ఎదుట మొదటి మెషిన్‌లోకి ఎస్ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ ద్వారా భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) వెళ్లి ఒక ఫైలు సృష్టించాను. మిగిలిన మూడింటినీ ఆన్ చేసి, మళ్లీ అదే అడ్రస్‌కు లాగిన్ అయి చూస్తే ఆ ఫైలు లేదు. ఇంకోసారి ప్రయత్నిస్తే కనెక్షనే తెగిపోయింది. ఒక్కొక్కటిగా ఆన్ చేస్తే ప్రతి మెషినూ చక్కగా పనిచేస్తోంది. కలిపి ఆన్ చేస్తేనే ఈ గందరగోళం. గంటసేపు బోర్డు ముందు అలాగే నిలబడిపోయాను. అటుగా వచ్చిన మా విభాగాధిపతి, "ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్‌తో ఈ ప్రయోగాలెందుకండీ, కొన్నది వాడుకోవచ్చు కదా!" అని విద్యార్థులందరూ వింటుండగానే అన్నారు. ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

తెల్లవారుజామున లిబ్‌వర్ట్ కమాండ్ సాధనం వర్ష్‌లో నెట్-డీహెచ్‌సీపీ-లీజెస్ కమాండ్ ఇచ్చి చూశాను; మెషిన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ఎవరికి ఏది ఇచ్చిందో (లీజు) అది చూపిస్తుంది. నాలుగు మెషిన్లు నడుస్తున్నా పట్టికలో ఒకే ఒక్క వరుస ఉంది. వర్ట్-క్లోన్ ప్రతి నకలుకూ కొత్త మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) ఇచ్చింది, నిజమే. కానీ ఉబుంటు సర్వర్ ఐపీ అడిగేటప్పుడు మ్యాక్‌ను కాక, ఈటీసీ డైరెక్టరీలోని మెషిన్-ఐడీ ఫైలు నుంచి తయారుచేసిన గుర్తింపును పంపుతుంది. ఆ ఫైలు నాలుగింటిలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కనుక, డీహెచ్‌సీపీ సర్వర్ నలుగురినీ ఒక్కరే అనుకుని ఒకే అడ్రస్ ఇచ్చింది. ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (లాగిన్ అయ్యేవారికి మెషిన్ తన గుర్తింపును రుజువు చేసే తాళాలు) కూడా నకలే కావడంతో, నేను వేరే మెషిన్‌లోకి వెళ్తున్నానన్న హెచ్చరిక కూడా రాలేదు. ఇందులో కేవీఎం తప్పేమీ లేదు. కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఇలాగే నకళ్లు తీసినా, గుర్తింపులు ఒకటే అయితే ఇదే చిక్కు వస్తుంది. తెలియని విషయం మీద తీర్పు చెప్పేముందు పెద్దలు ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది.

క్లోన్ చేసేవారికి నా సలహా ఒక్కటే: నకలును ఆన్ చేయకముందే, అది ఆఫ్‌లో ఉండగానే దానిపై వర్ట్-సిస్‌ప్రెప్ కమాండ్ నడపండి. అది మెషిన్-ఐడీనీ, పాత హోస్ట్ కీలనూ తుడిచేస్తుంది. అయితే ఉబుంటు ఆ కీలను తనంతట తాను మళ్లీ తయారు చేసుకోదు. అందువల్ల మొదటిసారి ఎస్ఎస్‌హెచ్ పనిచేయదు. వర్ట్-మేనేజర్ కన్సోల్ నుంచి లాగిన్ అయి, కీలు తయారు చేసే ఎస్ఎస్‌హెచ్-కీజెన్‌ను పెద్ద 'ఏ' (-A) ఆప్షన్‌తో నడిపి, ఎస్ఎస్‌హెచ్ సర్వీసును రీస్టార్ట్ చేయాలి.

ఈరోజు ఉదయం అదే తరగతిలో నాలుగు మెషిన్లనూ కలిపి ఆన్ చేసి లీజుల పట్టిక తెరిచాను. 192.168.122తో మొదలయ్యే నాలుగు వేర్వేరు అడ్రస్‌లు, నాలుగు వరుసలుగా తెర మీద కనిపించాయి.