టీ గ్లాసులో రంగు నీళ్లు

వృద్ధాశ్రమంలో బొమ్మలు వేయించడానికి వెళ్లిన మొదటి రోజే ఒక తాత రంగు నీళ్లు తాగేశాడు. బ్రష్షు కడగడానికి నేను పెట్టింది స్టీలు గ్లాసు. పది నిమిషాల ముందు ఆయన టీ తాగిందీ అలాంటి గ్లాసులోనే. నీళ్లు కూడా అచ్చం టీ రంగుకు తిరిగాయి. తప్పు ఎవరిదో వేరే చెప్పాలా? స్కూలు పిల్లలు వాడే రంగులు కాబట్టి ఆయనకేమీ కాలేదు. నాకే ఆ రోజు అన్నం సహించలేదు. అప్పట్నుంచి నీళ్లకు వెడల్పాటి మట్టి మూకుడు పెడుతున్నా.

అనంతపురంలో హైస్కూలు డ్రాయింగ్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఇంటికి దగ్గర్లో ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడ మతిమరుపు జబ్బున్నవాళ్లు ఆరుగురు. వారానికోసారి వచ్చి బొమ్మలు వేయించమని అడిగారు. నలభై మంది పిల్లల్ని అదుపులో పెట్టినదాన్ని, ఆరుగురు ముసలివాళ్లు ఒక లెక్కా అనుకున్నా.

రెండో వారం రంగులు నింపే పుస్తకాలు కొనుక్కెళ్లా. ఏనుగులు, సీతాకోకచిలుకలు. ధర్మవరంలో ఏళ్ల తరబడి మగ్గం నేసిన తాత ఒకాయన ఉన్నాడు. రెండు పేజీలు తిప్పి, "నేనేమన్నా ఎల్కేజీ పిల్లోడినా?" అని పుస్తకం అవతలికి తోసేశాడు. కన్నకూతురి పేరు తెలియని మనిషికి అవమానం ఇంత బాగా తెలుస్తుందని నేననుకోలేదు.

తెలిసిన డాక్టరును అడిగా. అల్జీమర్స్‌లో మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం ముందుగా దెబ్బతింటుందట. అందుకే పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని సంగతి వేరు, దాన్ని చూసుకునే భాగాలు వేరే, అది చాలాకాలం నిలుస్తుంది అన్నారు. బ్రష్షు వీళ్లలో ఎవరి చేతికీ అలవాటు లేదు. అది నా చేతికి అలవాటు, అంతే.

మూడో వారం ముగ్గు పట్టుకెళ్లా. సున్నపు ముగ్గు కాదు, బియ్యప్పిండి. నోట్లో పెట్టుకున్నా భయం లేదు. నల్ల రంగేసిన చెక్క మీద నేనే చుక్కలు పెట్టబోయా. ఒక అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఇవేం చుక్కలమ్మా, సందు చుక్క పెట్టాల" అని మొత్తం తుడిచేసి ఏడుతో మొదలుపెట్టి నాలుగుకు తెచ్చింది. గీత ఎక్కడా తెగలేదు. పూర్తయ్యాక, "ఎవురేసినారమ్మా, బాగుండాది" అని నన్నే అడిగింది.

నల్ల చెక్క వల్ల ఇంకోటి తెలిసింది. తెల్ల టేబుల్ మీద తెల్ల కాగితం పెడితే అంచు ఎక్కడుందో వాళ్లకు తెలియడం లేదు. గీతలు టేబుల్ మీదికి పోయేవి. ఇప్పుడు కింద ముదురాకుపచ్చ దుప్పటి పరుస్తున్నా. పొద్దున పదింటికి మొదలుపెట్టి ముప్పావుగంటలో ఆపేస్తా. ఒకసారి సాయంత్రం పెట్టి చూస్తే అందరూ "ఇంటికి పోవాల" అని లేచి తలుపు దగ్గరికి నడిచారు.

నేను మానడానికి కష్టపడిన మాట "గుర్తుందా?" టీచరు నోరు కదా, ప్రశ్న లేకుండా మాట రాదు. "ఇదేం బొమ్మ అవ్వా?" అంటే చాలు, ఆమె కళ్లు జవాబు కోసం నా మొహం వెతికేవి. ఇప్పుడు "ఈ ఎరుపు నాకు భలే నచ్చింది" అని ఊరుకుంటా. వాళ్లకు చెప్పాలనిపిస్తే చెప్తారు. ఆదివారం కొడుకులొచ్చి "నేనెవరో చెప్పు చూద్దాం" అంటుంటే ఒళ్లు మండుతుంది. మండుతుంది గానీ, మా అత్తను నేనూ రోజూ అలాగే పీక్కుతిన్నా.

అన్నీ కుదిరాయని చెప్పను. నిమ్మలకుంట ఊళ్లో చేసే తోలుబొమ్మలు కొన్ని తెలిసినవాళ్ల దగ్గర అరువు తెచ్చా. మేకతోలు మీద ఉలితో పొడిచిన చిల్లుల్లోంచి కిటికీ వెలుగు పడుతుంటే అందరూ కళ్లప్పగించి చూశారు. ఆటలో నవ్వించే జంట కేతిగాడికీ బంగారక్కకూ పడీపడీ నవ్వారు. తర్వాత రావణుణ్ణి ఎత్తా. ఒక అవ్వ వణికిపోయింది, ఆమె కుదుటపడేసరికి టైమైపోయింది. ఇంకోసారి వాళ్లేసినవన్నీ గోడకు అతికించా. "మా గోడకు ఈ చెత్త ఎవురంటించినారు?" అని వేసినామే చించేసింది.

మగ్గం తాత మాత్రం రెండు నెలలు చేతులు కట్టుకునే కూర్చున్నాడు. ఒకరోజు లేపాక్షి లతామండపం స్తంభాల ఫోటోలు పెద్దవి చేయించి తీసుకెళ్లా. ఒక లత మీద బొటనవేలి గోరుతో నెమ్మదిగా గీసుకుంటూ పోయి, "ఇది అంచుకైతే బాగుంటాది, కొంగుకు చాలదు" అన్నాడు. రంగులిస్తే వద్దన్నాడు. దారం అడిగాడు.

ఇప్పుడు ఆయనకు అట్టముక్కా, పట్టుదారం ఉండలూ ఇస్తున్నా. పోగులు పక్కపక్కన పరుస్తాడు, తీసేస్తాడు, మళ్లీ పరుస్తాడు. ఆశ్రమం మేనేజరుకు ఫోటో తీసుకోడానికి పూర్తయిన వస్తువేదైనా కావాలి. ముప్పావుగంట అయ్యేసరికి అట్ట ఖాళీగానే ఉంటోంది. మేనేజరుకు నేను చెప్పే జవాబు ఇంకా దొరకలేదు.

ఈ బుధవారానికి మెరూన్ దారం తెమ్మన్నాడు తాత. ఆ మాట అన్నట్టు ఆయనకు గుర్తుండదు. నేనూ మర్చిపోతానేమోనని చీటీ రాసి పర్సులో పెట్టుకున్నా.