లైమ్ వ్యాధి తర్వాత వచ్చిన డిప్రెషన్: నా అనుభవం

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఉండేవారికి లైమ్ వ్యాధి కొత్త కాదు. కనెటికట్ రాష్ట్రంలోని లైమ్, ఓల్డ్ లైమ్ పరిసరాల్లో 1975 ప్రాంతంలో పలువురు పిల్లలకు కీళ్లవాపులు రావడంతో వైద్యుల దృష్టికి వచ్చిన ఈ జబ్బుకు చివరికి ఆ ఊరి పేరే స్థిరపడింది. బొరేలియా అనే బాక్టీరియా ఉన్న నల్లకాళ్ల పిడుదు కరిచి, ఒకరోజుకు పైగా ఒంటిని పట్టుకుని ఉంటే సాధారణంగా ఇది అంటుకుంటుంది. నేనుండేది ఆ రాష్ట్రంలోనే. మా పెరటి వెనకంతా అడవి.

మే, జూన్ నెలల్లో తిరిగే పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది కనుక, అది కరిచిన సంగతి చాలామందికి తెలియదు. నాకూ తెలియలేదు. మోకాలి వెనక రోజురోజుకూ విస్తరిస్తున్న ఎర్రటి మచ్చను, దానితోపాటు వచ్చిన జ్వరాన్ని చూసి, తొలి వారాల్లో రక్తపరీక్ష నెగటివ్ వచ్చినా నమ్మడానికి లేదని డాక్టరు గారు వెంటనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాశారు. 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు చొప్పున రెండు వారాలు వేసుకున్నాక మచ్చ మాయమైంది, జ్వరం తగ్గింది, కానీ నీరసం మాత్రం పోలేదు.

ఆ తర్వాతి నెలల్లో మోకాళ్లు పట్టేయడం, నిద్ర పట్టినా అలసట తీరకపోవడం, ఆఫీసు మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ రోజూ వాడే మాటే గుర్తుకు రాక ఆగిపోవడం మామూలైపోయాయి. చికిత్స పూర్తయ్యాక కూడా నూటికి అయిదు నుంచి పది మందిలో ఇలాంటి బాధలు ఆరు నెలలకు మించి ఉండవచ్చునని, దానికి వైద్యంలో ఒక పేరు కూడా ఉందని నాకు తెలిసేసరికే మనసు బాగా దెబ్బతిని ఉంది. అది ఒక్కరోజులో వచ్చింది కాదు. మొదట ఫోన్లు ఎత్తడం మానేశాను. తర్వాత స్నానం చేయాలన్నా, తల దువ్వుకోవాలన్నా ఎందుకులే అనిపించేది. మా అబ్బాయి స్కూల్లో వేసిన బొమ్మ తెచ్చి చూపిస్తే, బాగుందని పైకి అంటూనే లోపల ఏమీ అనిపించకపోవడం చూసి నాకే భయం వేసింది. ఒంటి అలసటలో పని చేయాలని ఉండి కూడా చేయలేకపోయేదాన్ని. ఇప్పుడు ఆ చేయాలన్న కోరికే పోయింది.

ఈ లోపల వైద్యుల మధ్య జరిగే వాదనలో నేనూ ఇరుక్కున్నాను. ఒక స్పెషలిస్టు రిపోర్టులన్నీ తిరగేసి, ఇది కేవలం ఒత్తిడి అన్నారు. ఇంకొక క్లినిక్‌లో దీన్ని ‘క్రానిక్ లైమ్’ అని, నెలల తరబడి నరం ద్వారా యాంటీబయాటిక్స్ ఎక్కించాలని, దానికి ఇన్సూరెన్స్ వర్తించదని చెప్పారు. మా వారు అప్పు చేసైనా ఇప్పిద్దామన్నారు. 2001లో అమెరికాలోనూ, 2016లో నెదర్లాండ్స్‌లోనూ వెలువడిన పరీక్షల ఫలితాల్లో దీర్ఘకాలం యాంటీబయాటిక్స్ వాడినవారికి, డమ్మీ మందు వాడినవారికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని మా ఫ్యామిలీ డాక్టరు వివరించడంతో ఆ ఆలోచన విరమించుకున్నాం. ఆవిడే 2021లో డెన్మార్క్ నుంచి వచ్చిన ఒక పెద్ద అధ్యయనం గురించి కూడా చెప్పారు: ఆసుపత్రిలో లైమ్ నిర్ధారణ అయినవారిలో మానసిక సమస్యల రేటు మిగతావారికన్నా 28 శాతం ఎక్కువగా, ఆత్మహత్యాయత్నాల రేటు దాదాపు రెట్టింపుగా కనిపించిందట. నా బాధ నా ఒక్కదాని బలహీనత కాదన్న మాట ఆ అంకెల రూపంలో విన్నప్పుడు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

ఆ రోజే ఆవిడ తొమ్మిది ప్రశ్నల కాగితం నా చేతికిచ్చారు. గత రెండు వారాల్లో ఆసక్తి తగ్గిందా, నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది అంటూ సాగి, చచ్చిపోతే బాగుండునని గానీ తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అన్న తొమ్మిదో ప్రశ్నతో అది ముగుస్తుంది. అక్కడ ‘కొన్ని రోజులు’ అన్న గడిలో టిక్కు పెట్టడానికి చాలాసేపు పట్టింది. రికార్డులో డిప్రెషన్ అని ఒకసారి పడిందంటే ఇక మోకాళ్ల నొప్పన్నా ఎవరూ నమ్మరన్నది నా భయం. ఆ మాటే పైకి అన్నాను. “మోకాళ్లకు ఫిజియోథెరపీ రాస్తాను, దీనికి వేరే మందు రాస్తాను. ఇది ఉందంటే అది లేదని కాదు కదా” అన్నారావిడ. జబ్బు ఏ కారణంతో మిగిలిందో తేలేదాకా కుంగుబాటుకు వైద్యం ఆపనక్కర్లేదన్న సంగతి నాకు ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. ఆ తర్వాత తొమ్మిదో ప్రశ్న గురించి నన్ను నేరుగా అడిగి, ఇంట్లో మందులు మా వారి దగ్గర ఉంచేలా, ఆలోచనలు ముదిరితే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేసేలా నాతోనే రాయించారు.

డిప్రెషన్ తగ్గించే సెర్ట్రలీన్ అనే మందు తక్కువ మోతాదుతో మొదలైంది. మొదటి వారం కడుపులో తిప్పడం, పలచని నిద్ర తప్ప మరేమీ కనిపించలేదు. ఈ మందులు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ పట్టవని ముందే చెప్పి ఉండకపోతే మానేసేదాన్ని. మందుకన్నా కౌన్సెలింగే నాకు కష్టమనిపించింది. కౌన్సెలర్ నా చేత రోజును అరగంటల కింద విడగొట్టించి, ప్రతి పని పక్కన ఓపిక ఎంత మిగిలిందో పదికి మార్కులు వేయించేవారు. ఆ పుస్తకం చూస్తే అసలు సంగతి బయటపడింది: ఓపిక ఉన్నరోజు ఇల్లంతా సర్ది, పప్పు, పులుసు, వేపుడు అన్నీ చేసి, తర్వాతి మూడు రోజులు మంచం దిగేదాన్ని కాదు. అప్పటి నుంచి బాగున్న రోజున కూడా సగంలో ఆపడం, బాగాలేని రోజున కూడా వీధి చివరిదాకా నడవడం నియమం చేసుకున్నాం. కుక్కర్ పెట్టి, కూర మా వారికి వదిలేసి కూర్చోవడం మన ఇళ్లలో పెరిగిన ఆడవాళ్లకు చిన్న విషయమేమీ కాదు!

అమ్మ మొదట దిష్టి అంది, తర్వాత ఇండియా వచ్చేయమంది. ఇక్కడి పిడుదు జబ్బు అక్కడి డాక్టర్లకు పెద్దగా ఎదురయ్యేది కాదని సర్దిచెప్పి, డిప్రెషన్ సంగతి మాత్రం దాచకుండా చెప్పేశాను. ఫోన్‌లో కాసేపు మౌనం తర్వాత, “మాత్ర వేసుకున్నావా?” అని రోజూ అడగడం మొదలుపెట్టింది. అక్కడివారికి 14416 నంబరులో టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వారు తెలుగులోనే మాట్లాడతారని తెలిసి, ఇలాగే బాధపడుతున్న మా పిన్ని కూతురికి ఆ నంబరు ఇప్పించాను.

ఉద్యోగానికి చట్టప్రకారం దొరికే జీతంలేని సెలవు వాడుకుని, తర్వాత తక్కువ గంటలతో తిరిగి చేరాను. వీసా మీద ఉన్నవారు ఈ పని చేసే ముందు ఇమిగ్రేషన్ లాయరును అడగడం మంచిది. ఇప్పటికీ చలికాలంలో మోకాళ్లు పట్టేస్తాయి, మాటలు తడబడతాయి. తొమ్మిది ప్రశ్నల కాగితం ప్రతి విజిట్‌లోనూ నింపుతున్నాను. తొమ్మిదో ప్రశ్నకు ఇప్పుడు ‘అసలు లేదు’ అని రాస్తున్నాను. పొద్దు తక్కువగా ఉండే రోజులు దాటాక సెర్ట్రలీన్ మోతాదు మెల్లగా తగ్గించి చూద్దామని, అంతవరకు నా అంతట నేను మానవద్దని డాక్టరు గారు చెప్పారు.