గోడలో ఒక సందు వదలండి

కొత్త వెంచర్ ప్లాను నా టేబుల్ మీదికి వచ్చిందంటే, బస్సు ఎక్కడ ఆగుతుందో మొదట వెతుకుతాను. కడపలో లేఅవుట్ ప్లాన్లు గీసే ఆఫీసులో డ్రాఫ్టింగ్ పని నాది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఇందులోకి వచ్చాను. చాలా ప్లాన్లలో బస్టాపు గుర్తే ఉండదు. మెయిన్ రోడ్డు అని ఒక గీత ఉంటుంది. ఆ గీత వెంబడి ఈ చివర నుంచి ఆ చివరి దాకా కాంపౌండ్ వాల్, ఎక్కడో ఒక మూల ఆర్చి కట్టిన గేటు. కారున్న మనిషికి ఆ ఒక్క గేటు సరిపోతుంది. నడిచేవాళ్ళకు సరిపోదు. చాలా రోజులుగా ఈ గోడ గురించి రాయాలని ఉంది.

మేముండేది కూడా ఇలాంటి వెంచర్‌లోనే, ఊరి చివర రాయచోటి రోడ్డు వైపు. మేడ ఎక్కితే ఒక పక్క పాలకొండలు, ఇంకో పక్క గోడ అవతల పల్లెవెలుగు బస్సు ఆగే చోటు కనబడతాయి. గోడ లేకపోతే మా వీధి చివర నుంచి అక్కడికి నూరడుగులు కూడా ఉండదు. గేటు మీదుగా చుట్టి పోతే కిలోమీటరు దాకా పడుతుంది.

వెనక వీధి చివర ఆ గోడకు ఒకచోట పై వరసలు ఉండవు. జనమే ఊడబెరికారు. ఇవతల ఒక సిమెంటు ఇటుక, అవతల విరిగిన కడప బండ ముక్క మెట్లుగా వేసుకున్నారు. చెప్పుల రాపిడికి బండ అంచు నున్నబడింది. చెయ్యి ఆనించే చోట గోడకు సున్నం పోయి జిడ్డు పట్టింది. పొద్దున్నే బేల్దారి పనికి పోయేవాళ్ళు ముందు క్యారియర్‌ను గోడ మీద పెట్టి, తర్వాత కాలెత్తి దాటుతారు. ఇళ్ళల్లో పనికి వచ్చే అక్కలు చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని అటు నుంచి ఇటు దిగుతారు. కాలేజీ పిల్లలైతే ఒక్క గెంతే. ఒకసారి వెంచర్ వాళ్ళు ఆ కంతను పూడ్చి, పైన గాజు పెంకులు గుచ్చారు. వారం తిరక్కుండానే మళ్ళీ తెరుచుకుంది. ఇంతమందికి అవసరమైన దారి అది. దాన్ని దొంగదారిగా ఉంచడం నాకు సహించదు.

మా ఎదురింటి పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. బీపీ, షుగర్ మాత్రల కోసం నెలనెలా రిమ్స్ ఆసుపత్రికి పోవాలి. "నేను చెయ్యి పట్టుకుంటా, ఇట్ల దాటి పోదువులే పెద్దమ్మా" అని ఒకసారి అన్నాను. "గోడ దూకి పొయ్యేదానికి నేనేమన్నా దొంగనా మ్మా?" అనింది. నాకు నోట మాట రాలేదు. ఆమె ఆటో పిలిపించుకుని బస్టాపు దాకా ఇరవై రూపాయలు ఇస్తుంది, వచ్చేటప్పుడు ఇంకో ఇరవై. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగులో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్ కొట్టిస్తారు. అంటే కడప బస్టాండు దాకా పైసా ఖర్చు లేదు, బస్సును అందుకోవడానికి మాత్రం రానూపోనూ నలభై! ఇంత పెద్ద పథకం ఫలితం ఆమె చేతికి అందకుండా ఒక ఇటుక గోడ అడ్డం నిలబడింది.

వెంచర్‌కు మారిన ఇళ్ళల్లో తొందర్లోనే రెండో బండి దిగుతుంది. మగాయన బైకు ఎటూ ఉంటుంది, పాలకూ కూరగాయలకూ పిల్లల ట్యూషన్‌కూ ఒక స్కూటీ కావాలి. దానికో ఈఎంఐ. ఇదే కుటుంబం కడప టౌనులో వై.వి. స్ట్రీట్ వెనక సందుల్లో అద్దెకున్నప్పుడు ఈ పనులన్నీ కాలినడకనే అయ్యాయి. మా వాళ్ళకు నడక కొత్తేమీ కాదు. మొక్కు ఉందంటే అన్నమయ్య దారిలో తిరుమల దాకా నడిచే మనుషులు మా జిల్లాలో ఉన్నారు. 2011 జనాభా లెక్కలు చూసినా, దేశంలో వ్యవసాయం కాక వేరే పనులకు ఇల్లు దాటి వెళ్ళేవాళ్ళలో నడిచిపోయేవాళ్ళే అందరికంటే ఎక్కువ. వాళ్ళ తర్వాత సైకిల్ మీద పోయేవాళ్ళు. ఆ తర్వాతే బైకు. ఇప్పుడు బైకులు పెరిగాయి, కాదనను. కానీ నడిచేవాళ్ళు మాయమైపోలేదు. వాళ్ళకు దారి గీయడం మనం మానేశాం.

కావలసింది ఒక సందు. మెయిన్ రోడ్డుకు ఆనుకుని వచ్చే ప్లాట్ల వరసలో, రెండు ప్లాట్ల నడుమ పది అడుగులు వదలాలి. ప్లాటు లోతు అరవై అడుగులు అనుకుందాం. పది ఇంటూ అరవై, ఆరు వందల చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కాబట్టి ఇది సెంటున్నర కూడా కాదు. పదెకరాల వెంచర్ అంటే వెయ్యి సెంట్లు. వెయ్యిలో సెంటున్నర! ఆర్చికీ, దాని ముందు ఫౌంటెన్‌కూ పోయే జాగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయితే ఇది కాగితం మీద ఉన్నప్పుడే జరగాలి. ప్లాట్లు రిజిస్ట్రేషన్ అయిపోయాక తన ఇంటి జాగాలో పది అడుగులు ఎవరిస్తారు?

ఈ మాట చెబితే వెంచర్ వేసేవాళ్ళు సెంటున్నర పోతుందని బాధపడరు. వాళ్ళ భయమంతా వీధిపోటు గురించే. సందు సూటిగా వచ్చి ఎదురు ప్లాటుకు తగిలితే ఆ ప్లాటును ఎవరూ కొనరంటారు. నిజంగానే కొనరు. వాస్తు మీద నేను వాదన పెట్టుకోను. కొనేవాళ్ళ నమ్మకం వాళ్ళది, అమ్మేవాళ్ళకు వచ్చేది నిజమైన నష్టం. కానీ దీనికి ప్లానులోనే విరుగుడు ఉంది. లేఅవుట్‌లో ఎటూ పది శాతం జాగా ఓపెన్ స్పేస్‌గా వదలాలి. దాన్ని అమ్ముడుపోని వంకర మూలకు నెట్టకుండా, సందుకు ఎదురుగా పెట్టండి. అప్పుడు సందు వచ్చి పార్కుకు తగులుతుంది, ఏ ఇంటికీ పోటు ఉండదు. బస్సు దిగి వచ్చే మనిషి నేరుగా చెట్ల కిందికి వస్తాడు. పార్కులో పొద్దునా సాయంత్రం ఎవరో ఒకరు ఉంటారు కాబట్టి సందు కూడా నిర్మానుష్యంగా ఉండదు. పార్కు అక్కడ కుదరకపోతే సందును అడ్డరోడ్డుకు తిన్నగా కలపొచ్చు, అప్పుడూ ఎదురుగా ఇల్లు రాదు. మా ఆఫీసులో ఒక లేఅవుట్‌కు ఇలా గీసి చూపించాను. ఆ వెంచర్ అన్న ప్లానును అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసి, "ఇదైతే చేయొచ్చు మ్మా, నాకేం నష్టం ల్యా" అన్నాడు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

దొంగలు వస్తారని ఇంకో భయం. సందు మొదట్లో ఒక లైటు స్తంభం వేయాలి. ఇరుపక్కల ప్లాట్ల ప్రహరీ నాలుగు అడుగులు మించకుండా చూసుకోవాలి, అప్పుడు వంటింటి కిటికీలో నుంచి కూడా దారి కనబడుతుంది. రెండు వైపులా ఎత్తు గోడలు కట్టి నడుమ చీకటి వదిలితేనే ప్రమాదం. సందు మొదట్లోనే రెండు రాతి కూసాలు, అంటే రాతి స్తంభాలు, మూడడుగుల ఎడంతో పాతితే సైకిలూ వీల్‌చైరూ పడతాయి, ఆటో కారు రావు. బైకు దూరుతుంది, దాన్ని ఆపలేం.

ఇక ఆ సందు దాకా నడిచే రోడ్డు. బ్రోచర్లో నలభై అడుగుల రోడ్డు అని పెద్దక్షరాలతో వేస్తారు. తీరా చూస్తే నడిమధ్య తారు, రెండు పక్కలా మట్టి, పక్కన మూత లేని కాలువ. ఇళ్ళు లేచాక ఒక్కొక్కరి ర్యాంపు ఒక్కో ఎత్తులో ముందుకొస్తుంది, ఒకరిది మెట్లు, ఒకరిది తులసికోట. నడిచే మనిషి తారు మీదికే రావాలి. మేలో 43, 44 డిగ్రీలు మాకు మామూలే. పదకొండు దాటితే ఆ తారు పెనంలా కాలుతుంది.

అదే నలభై అడుగులను నేనైతే ఇలా పంచుతాను. నడుమ పద్దెనిమిది అడుగులు బండ్లకు, ఎదురెదురుగా రెండు కార్లు నిదానంగా తప్పుకోవడానికి అది చాలు. దాని పక్కన అటు నాలుగు ఇటు నాలుగు చెట్లకు. ఆ తర్వాత అటు ఏడు ఇటు ఏడు ఫుట్‌పాత్‌కు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో పాదచారుల కోసం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అడ్డం లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంటే ఆరడుగులు. అంచు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఎత్తు కడితే పెద్దమ్మ లాంటివాళ్ళు ఎక్కలేరు, దిగలేరు. మురుగు కాలువను ఫుట్‌పాత్ కిందే పోనిచ్చి పైన బండలు పరిస్తే సరి. బండలకు మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, యర్రగుంట్ల వైపు నుంచి లారీ వస్తుంది. దేశమంతా కడప బండ అని మన పేరు పెట్టి కొనుక్కుంటుంటే, కడపలో నడిచే మనిషి కాలి కింద అది లేకపోవడం ఎంత అన్యాయం! పాలిష్ పట్టినది మాత్రం వద్దు, వానకు జారుతుంది. గరుకు బండ వేయాలి.

ర్యాంపుల సంగతి ఇక్కడే తేలిపోతుంది. కారు ఎక్కే వాలు మొత్తం చెట్ల కోసం వదిలిన ఆ నాలుగడుగుల్లోనే అయిపోవాలి, ఫుట్‌పాత్ మట్టంగా సాగిపోవాలి. ఇంటి పునాది మట్టం ఎంత ఉండాలో ముందే చెబితే ఇది కష్టం కాదు. చెట్ల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. బ్రోచర్ అందం కోసం వరసగా రాయల్ పామ్ పెడతారు, లేదా తొందరగా ఎదుగుతుందని కోనోకార్పస్ పెడతారు. ఒకదాని నీడ స్తంభమంత, రెండోది నిలువుగా పోతుంది. మన నేలకు కానుగ ఉంది, వేప ఉంది. మొదటి రెండు మూడు వేసవులు నీళ్ళు పోసి బతికిస్తే తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. కానుగ కొమ్మలు ఫుట్‌పాత్ మీదికి వంగి మధ్యాహ్నం కూడా నడవనిస్తాయి.

రోడ్డు సన్నగా ఉంటే బండ్ల వేగం దానంతటదే తగ్గుతుంది. అప్పుడు పిల్లల చేతికి సైకిల్ ఇవ్వడానికి భయం ఉండదు. మన రాష్ట్రంలోనే బడికొస్తా పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. నా కూతురు ట్యూషన్‌కు సైకిల్ మీద పోతానని రోజూ అడుగుతుంది. సందు ఉంటే సర్వీసు రోడ్డు వెంట సైకిల్ మీద ఐదు నిమిషాలు. ఇప్పుడు గేటు మలుపులో ఇసుక ట్రాక్టర్లు తిరిగే చోట నేను పంపలేను.

ప్రభుత్వ కాలనీల్లో నడిచేవాళ్ళే ఎక్కువ, అందుకే అక్కడ ఇది ఇంకా ముఖ్యం. 2020 డిసెంబరులో మొదలుపెట్టి మన రాష్ట్రంలో పేదలకు పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున ఇళ్ళ స్థలాలు ఇచ్చారు. చాలాచోట్ల అవి ఊరికి దూరంగా పడ్డాయి. కూలికి పోయే మనిషి తెల్లారే సరికి టౌనులో అడ్డా దగ్గర ఉండాలి. బస్సు కాలనీ లోపలికి రావాలంటే తిరగడానికి జాగా కావాలి. అంత పొడుగు బస్సు ఒక్క తిప్పులో తిరగాలంటే ఆ చోటు ప్లానులోనే ఉండాలి. పిల్లలు ఆడుకునే సందులో రివర్స్ కొట్టుకుంటూ రమ్మని ఏ డ్రైవర్‌ను అడుగుతాం? బస్సు లోపల చుట్టి బయటపడేలా ఒక రోడ్డును వలయంగా గీస్తే, ఏ ఇంటికైనా స్టాపు ఐదు నిమిషాల నడకలో వస్తుంది.

ప్లాటు కొనబోయేవాళ్ళకు ఒక మాట. బస్టాపు పక్కనే అని ఏజెంటు చెబితే, పక్కనే అంటే ఏ దారిన అని అడగండి. సైటు మీద గోడలో ఖాళీ చూపించి, ఇక్కడ నుంచి పోవచ్చు అంటే నమ్మకండి, అది రేపటికి పూడిపోవచ్చు. అప్రూవ్డ్ ప్లాను జిరాక్స్ తీసుకుని, ఆ దారి అందులో గీసి కొలతతో సహా ఉందో లేదో చూడండి. లేఅవుట్‌లో రోడ్లు, ఓపెన్ స్పేస్ గిఫ్ట్ డీడ్‌తో పంచాయతీకో మునిసిపాలిటీకో రాసివ్వాలి. సందు కూడా ఆ గిఫ్ట్ డీడ్‌లో ఎక్కాలి. ఎక్కకపోతే పదేళ్ళ తర్వాత పక్క ప్లాటు ఆయన అందులో మెట్లు కట్టినా, షెడ్డు వేసినా అడగడానికి మన చేతిలో కాగితం ఉండదు.

కడప చుట్టుపక్కల ఎవరైనా లేఅవుట్ వేయిస్తుంటే, అప్రూవల్‌కు పెట్టకముందే ప్లాను తీసుకుని రండి. సందు ఎక్కడ వస్తుందో, వీధిపోటు లేకుండా ఎలా కలపాలో, ఎన్ని సెంట్లు పోతుందో నేను గీసి చూపిస్తాను. దీనికి పైసా తీసుకోను.