గోర్ఖా కొండ మీద ఒక నల్లా

2018 మార్చిలో వరంగల్ స్టేషన్‌లో రప్తీసాగర్ ఎక్కినప్పుడు మా ఐదుగురి సామానులో సగం రంగుల సామానే. బ్రష్షులు, రోలర్లు, గోడల మీద బొమ్మలు వేయడానికి కత్తిరించి పెట్టుకున్న అట్టలు. నేపాల్‌లోని గోర్ఖా జిల్లాలో ఒక కొండ ఊరి బడికి వెళ్తున్నాం. మా ఆఫీసులో పనిచేసే నేపాలీ తమ్ముడిది ఆ ఊరు. భూకంపంలో వాళ్ళ ఇల్లూ, అతను చదువుకున్న బడీ రెండూ కూలిపోయాయి. "ఇల్లు లేచింది దిదీ, బడి ఇంకా సగమే లేచింది" అని అతను ఒకసారి అన్న మాట మమ్మల్ని వదల్లేదు. తెలిసినవాళ్ళ దగ్గర 2,40,000 రూపాయలు పోగుచేసి, ఇరవై రోజులు సెలవు పెట్టి బయల్దేరాం.

గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సునౌలీ చేరి, సరిహద్దు గేటు నడిచి దాటాం. మనకు వీసా అక్కర్లేదు. గడియారం పదిహేను నిమిషాలు ముందుకు జరపాలి, మన వంద రూపాయలకు వాళ్ళవి 160 వస్తాయి. భైరహవా నుంచి నారాయణ్‌గఢ్, ముగ్లింగ్ మీదుగా బస్సు. త్రిశూలి నది పక్కన రోడ్డు వెడల్పు పనులు జరుగుతుండటంతో దుమ్ములో గంటల తరబడి ఆగాం. ఆబూ ఖైరేనీ దగ్గర మలుపు తిరిగి గోర్ఖా బజారు చేరేసరికి రాత్రయింది. మర్నాడు దరౌదీ నది వెంట జీపులో పైకి. బార్పాక్ వైపు పోయే దారి అది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన 7.8 తీవ్రత భూకంపానికి కేంద్రం ఆ బార్పాక్ పరిసరాలే. దేశమంతటా దాదాపు తొమ్మిది వేలమంది పోయారు.

జీపు దిగాక గంటన్నర నడక. లాలీగురాస్ చెట్లు ఎర్రగా పూసి ఉన్నాయి. మా సామాను ఊరి ఆడవాళ్ళు డోకోల్లో, అంటే వీపు మీద మోసే వెదురు బుట్టల్లో పెట్టుకుని, నామ్లో పట్టీ నుదుటికి తగిలించుకుని మాకన్నా ముందే పైకి చేరారు.

బడిలో బాలవర్గం నుంచి ఎనిమిదో తరగతి వరకు 94 మంది పిల్లలు. నాలుగు గదులు కొత్తవి. మిగతా తరగతులు వెదురు తడికలు, రేకుల షెడ్డులో నడుస్తున్నాయి. భూకంపం తర్వాత కొన్నాళ్ళకోసం అని వేసిన షెడ్డు మూడేళ్ళయినా అలాగే ఉంది. వాన పడితే రేకుల చప్పుడుకు పాఠం వినపడదట. బోర్డు మీద తేదీ 2074 అని రాసి ఉంది, వాళ్ళది బిక్రమ్ సంవత్ కదా. హెడ్ సర్‌కు యాభై ఏళ్ళుంటాయి. ఆరోజు గురించి ఎక్కువ మాట్లాడలేదు. "శనివారం బహినీ, అందుకే ఈ పిల్లలు మిగిలారు" అన్నారు. నేపాల్‌లో శనివారం సెలవు. భూకంపం వచ్చింది మిట్టమధ్యాహ్నానికి నాలుగు నిమిషాల ముందు. బడి ఉండే రోజయితే, రాయి, మట్టితో కట్టిన ఆ పాత గదుల్లో ఆ వేళ అందరూ లోపలే ఉండేవాళ్ళు.

మేం రంగులు చూపించాం. ఆయన అట్టలన్నీ శ్రద్ధగా చూసి, బాగున్నాయన్నారు. తర్వాత మమ్మల్ని బడి వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ రెండు చర్పీలు, అంటే మరుగుదొడ్లు. ఎవరో దాతలు కట్టించినవి. టైల్స్, తెల్లటి గిన్నెలు, గోడ మీద దాతల పేర్ల పలక. రెండింటికీ తాళాలు. నీళ్ళు లేవు. భూకంపం తర్వాత ఊరి పాత ఊట ఎండిపోయిందట, ఆ జిల్లాల్లో చాలా ఊటలు అలాగే పోయాయి. ఇప్పుడు నీళ్ళకు ఇరవై నిమిషాలు కిందికి దిగి మోసుకురావాలి. తాగడానికే చాలవు.

ఏడో తరగతి పిల్ల ఒకతి మా వెనకే వచ్చింది. "మరి మీరు ఎక్కడికి వెళ్తారు?" అని హిందీలో అడిగాను. సిగ్గుపడి, కాసేపటికి చెప్పింది: "నేను నీళ్ళు తాగను దిదీ."

నాకు గొంతు పట్టేసింది. జనగామ దగ్గర మా ఊరి బడిలో నేనూ ఆరేళ్ళు ఇలాగే చదివాను. పొద్దున ఇంట్లో రెండు గుక్కలు తాగితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. పదో తరగతిలో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి నెలరోజులు మంచం పట్టాను. మా అమ్మ దాన్ని ఒంటి వేడి అనుకుంది. బడిలో నల్లా లేకపోవడం వల్ల అని డాక్టరుకైనా చెప్పాలని నాకు తోచలేదు. ఆడపిల్లలకు నెలసరి రోజుల్లో ఏం జరుగుతుందో హెడ్ సర్ చెప్పలేదు, నేను అడగలేదు. హాజరు పట్టీ చూస్తే తెలిసిపోయింది. ఆరో తరగతి నుంచి ఆడపిల్లల పేర్ల ఎదురుగా నెలనెలా మూడు, నాలుగు రోజులు ఖాళీలు.

ఆ రాత్రి రంగుల పని పక్కన పెట్టేశాం.

మర్నాడు చౌతారీ దగ్గర ఊరంతా కూర్చుంది. చౌతారీ అంటే రావిచెట్టు, మర్రిచెట్టు చుట్టూ కట్టిన రాతి అరుగు, అచ్చం మన రచ్చబండే. ఊరికి పైన, ఒక కిలోమీటరు దాటి ఇంకో ఊట ఉందని అందరికీ తెలుసు. పైపు కొనే డబ్బే లేదు. 2017 ఎన్నికల తర్వాత బడులు గావ్‌పాలికల, అంటే ఊళ్ళ స్థానిక ప్రభుత్వాల చేతికొచ్చాయి, కానీ కొత్త పాలికకు రోడ్డే మొదటి పని అయింది. మా దగ్గరున్న డబ్బు వాళ్ళ లెక్కలో 3,84,000. పైపు, ట్యాంకు, సిమెంటు, మేస్త్రీల కూలి అన్నీ లెక్క వేస్తే సరిపోతుంది. కాలువ తవ్వడం మాత్రం ఊరే చేయాలి. ఇంటికొకరు, రోజూ. దానికి వాళ్ళు వాడిన మాట వినగానే మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం: శ్రమదాన్. జన్మభూమి రోజుల్లో మా ఊరి చెరువు పూడిక తీయడానికి మా నాన్న పార పట్టుకుని పోయింది ఆ పేరుతోనే.

ఊట ఉన్న చెలక ఒక ముసలి ఆమాది, ఆమా అంటే అమ్మ. నీళ్ళు ఇస్తాను కానీ మా బర్రె తాగేందుకు అక్కడ ఒక తొట్టి కట్టాలి అంది. అందరూ ఒప్పుకున్నారు. పాలిక నుంచి ఇంజినీరు కుర్రాడు వచ్చి ఎత్తులు కొలిచాడు.

తొమ్మిది రోజులు తవ్వాం. మెట్ల పొలాల మీదుగా, రాళ్ళ మధ్య, మూడడుగుల లోతు. పైపు పైకి ఉంటే ఎండకు పెళుసవుతుంది, పశువులు తొక్కుతాయి, వానల్లో రాయి దొర్లితే పగులుతుంది. ఊరివాళ్ళ వేగం మాకు లేదు. మట్టి ఎత్తిపోయడం, పైపు మోయడం మేం చేశాం. మేస్త్రీ పని జోలికి పోలేదు. ఈ విషయం కొంచెం గట్టిగానే చెప్తాను. భూకంపాలొచ్చే చోట గోడ కట్టడం సెలవులకొచ్చినవాళ్ళ పని కాదు. మూలల్లో నిలువు కడ్డీలు, కిటికీ కింద ఒకటి, పైన ఒకటి చుట్టూతా కాంక్రీటు పట్టీలు. భూకంపం తర్వాత ఇలా కట్టడంలో శిక్షణ పొందిన మేస్త్రీలు ఆ ఊళ్ళోనే ఉన్నారు. ఆ కూలి వాళ్ళ ఇంటికే పోవాలి. మన రైలు ఖర్చులతో ఇంకో పైపు చుట్ట కొనొచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఇంట్లో కూర్చుని డబ్బు మాత్రం పంపి ఉంటే గోడలకు బొమ్మలు పడేవి, ఆ తాళాలు అలాగే ఉండేవి.

నాకు బాగా గుర్తుండిపోయింది పైపులు అతికించే పని. నల్ల పైపు రెండు కొసలూ నున్నగా కోసి, పొయ్యిలో కాల్చిన ఇనప పలకకు రెండువైపులా ఆనిస్తారు. అంచులు కరిగి ఉబ్బగానే పలక లాగేసి, రెండు కొసలూ కలిపి నొక్కి పట్టాలి. చల్లారేదాకా కదపకూడదు. ఊరి ప్లంబరు దాయ్‌కి, అంటే అన్నకి, అరవై ఏళ్ళు దాటాయి. నేను పట్టుకున్నప్పుడు "ఊపిరి కూడా మెల్లగా" అనేవాడు.

రోజుకు రెండుసార్లు దాల్ భాత్, పొద్దున పదింటికి, రాత్రి ఏడింటికి. కొన్నిరోజులు ధిఁడో, మన సంకటిలాంటిది, పక్కన పులిసిన ఆకుల గుంద్రుక్ చారు. మార్చి 18 ఉగాది, ఆదివారం, అక్కడ పనిదినం. అంత చల్లటి కొండ మీద వేపచెట్టు లేదు, మామిడికాయ లేదు. పులుపుకు లప్సి పళ్ళు, చేదుకు వేయించిన మెంతులు, కారానికి పచ్చిమిర్చి, బెల్లం, ఉప్పు కలిపి టీచర్లకు, పిల్లలకు తలా కొంచెం పెట్టాం. తమ కొత్త సంవత్సరం బైశాఖ్‌లో వస్తుందని, అప్పుడు 2075 అని పిల్లలు వేళ్ళు లెక్కపెట్టి మరీ చెప్పారు.

పదిహేనో రోజు ఊట దగ్గర వాల్వు తిప్పాం. బడి దగ్గర పిల్లలు నల్లా చుట్టూ మూగారు. గంట గడిచింది, రాలేదు. రెండు గంటలైంది. మాలో ఒకరికి ఏడుపొచ్చేసింది, నాకు లోపల టెన్షన్. ఊట దగ్గర నీళ్ళు పైపులోకి పోతున్నాయి, ఇక్కడికి రావడం లేదు. ప్లంబరు దాయ్ కంగారు పడలేదు. పైపు వెంట నడుచుకుంటూ వెళ్ళి, దారి మధ్యలో కాలువ కాస్త మిట్టెక్కి దిగే చోట ఆగాడు. అక్కడ గాలి పట్టేసిందన్నాడు. నీళ్ళు వెనక నుంచి ఎంత తోసినా ఆ గాలి కదలదు. మట్టి తీసి, అక్కడి జాయింటు వదులు చేశాడు. బుస్సుమని గాలి పోయింది, తర్వాత బురద నీళ్ళు చిమ్మాయి. మర్నాడు అక్కడే గాలి పోయే వాల్వు బిగించాడు.

కింద బడి నుంచి అరుపులు వినపడ్డాయి. "పానీ ఆయో! పానీ ఆయో!"

మేం దిగివచ్చేసరికి నల్లా కింద బాలవర్గం పిల్లలు తలలు పెట్టేశారు. హెడ్ సర్ జేబులోంచి తాళం చెవులు తీశారు. ఒకటి తుప్పుపట్టి తిరగలేదు, నూనె వేయాల్సి వచ్చింది. తాళాలు తీసి ఏడో తరగతి పిల్ల చేతిలో పెట్టారు. ఆమె వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

మిగిలిన రెండు రోజులూ రంగులకు దక్కాయి. బొమ్మలు ఏం వేయాలో పిల్లలే చెప్పారు, వాళ్ళే వేశారు. షెడ్డు మాత్రం మా చేతిలో లేని పని. మేం తిరిగి వచ్చేటప్పటికీ అది అలాగే ఉంది.

బయల్దేరే ముందురోజు చౌతారీ దగ్గర ఇంకో మాట అనుకున్నారు. ఇంటికి నెలకు పది రూపాయలు, ఆ డబ్బుతో పైపు కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆ లెక్కల పుస్తకం ముసలి ఆమా కోడలి చేతికిచ్చారు.

జులై చివర్లో మా ఆఫీసు తమ్ముడు ఫోన్ పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు. వానలకు కొండచరియ జారి, పైపు ముప్పై మీటర్ల మేర కొట్టుకుపోయిందట. నేను వెంటనే ఎంత డబ్బు కావాలో అడగమన్నాను. అతను నవ్వి, ఫోటో చూపించాడు. గొడుగు కింద పొయ్యి, దాని మీద ఇనప పలక, ఇద్దరు మనుషులు రెండు పైపు కొసలు పట్టుకుని కూర్చున్నారు. "ఇది మొన్నటిది దిదీ. నీళ్ళు నిన్ననే వచ్చాయి" అన్నాడు.